నాలుగింటిదాకా

ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి కూర్చుంది. మడమకు మద్రాసు రాయపురం మట్టి అంటింది. పచ్చ పావడ అంచు కింద కొత్త వెండి గజ్జెలు.

పంకజం అంతవరకే చూసింది. తల పైకెత్తలేదు.

"ఓడ కాగితాల కోసరం నేను ఆఫీసు కాడ నిలబడాల. బిడ్డని ఆడికి తీసకపోలేను," అంది అక్క అమ్మణి, వాకిట్లో నిలబడే. "నాలుగింటికి హార్బరు గేటు కాడికి తోడుకోని రా. అందాకా ఊరు చూపించు. మళ్ళా ఎప్పుడొస్తామో, ఏమో."

బావకు సముద్రం అవతల పినాంగులో ఉద్యోగం. ఎనిమిదేళ్ళ కస్తూరి ఆ సాయంత్రమే తల్లితో ఓడెక్కుతుంది.

కస్తూరికి తెలిసినంతవరకు అమ్మణి అమ్మ, పంకజం పిన్ని. కన్నది మాత్రం పంకజం.

అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారు. ఇద్దరినీ ఒళ్ళో పెట్టుకుని పూటలకు పూటలు చూస్తూ కూర్చునేది. తల్లి దిష్టే తగిలిందని వీధంతా తేల్చేసింది. ఇటువంటివి తేల్చడానికి మన వీధులకు డాక్టరు అక్కర్లేదు.

మూడోదాన్ని పదకొండో రోజున, కళ్ళు మూసుకుని అక్క చేతుల్లో పెట్టింది. అక్క ఉన్న ఊరి వైపు మళ్ళీ పోలేదు. బిడ్డ బతికింది. పంకజానికి ఇంక వేరే రుజువు ఎందుకు?

ఆమె మొగుడు మునిరత్నం షిఫ్టుకు పోతూ గడపలో ఆగాడు. వంగి, కూతురి గడ్డం పట్టుకుని కళ్ళారా చూసుకున్నాడు. తండ్రి చూపుకు ఏ అడ్డూ లేదు.

"పోదామా పిన్నీ?"

కస్తూరి గొంతు కాస్త బొంగురు. అది వినడం అదే మొదలు.

ట్రాములు ఎత్తేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. ఉన్నప్పుడే ఎక్కించాలని ట్రాము ఎక్కించింది. పిల్ల కిటికీ వైపు, ఆమె పిల్ల కాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.

"సచ్చిన కాలేజికి పోదామా, బతికిన కాలేజికా?" అని అడిగింది పంకజం. మద్రాసులో మ్యూజియంకు, జంతువుల తోటకు జనం పెట్టుకున్న పేర్లవి.

"సచ్చినవి నాకొద్దు."

పంకజం పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తోటలో పులి బోను దగ్గర ఆమె పులిని ఎంతోసేపు చూసింది. పులికి ఏమీ కాదు కదా.

"పిన్నీ, నా నాలిక ఎర్రగా అయిందా?" పిల్ల ఐసుపుల్ల చప్పరిస్తోంది.

"అయింది, అయింది."

"చూడకనే చెప్తా ఉండావే!"

పక్కనే మూర్ మార్కెట్. రిబ్బను కొందామని పంకజం చెయ్యి వదిలింది. గజం కొలిచినంతసేపు, అంతే. వెనక్కి తిరిగితే పిల్ల లేదు.

"కస్తూరీ!"

పొద్దున్నుంచి మొదటిసారి మొహాల వైపు తలెత్తింది.

చుట్టూ జనం. ఆ జనంలో పచ్చ పావడలు నాలుగైదు. రెండు జడలు, బొట్లు, మొహాలు. వాటిలో తన బిడ్డ మొహం ఏదో ఆమెకు తెలియదు.

మార్కెట్టు గడియారం మూడు కొట్టింది.

పంకజం కింద కూర్చుంది. నేల మీద పాకినంత పని చేస్తూ కాళ్ళు వెతకసాగింది. ఎవరో ఆమె చెయ్యి తొక్కారు. ఎవరో అరవంలో తిట్టారు. చెప్పుల కాళ్ళు, బూట్ల కాళ్ళు, మెట్టెల కాళ్ళు.

చిలకల బోను ముందర, వేలి మీద వేలు.

ఆ పాదాన్ని రెండు చేతులా పట్టేసుకుంది.

"ఏంది పిన్నీ, కాలు పట్టుకున్నావు?"

ఒక్కసారి చూస్తే? ఒక్క చూపుకు ఏమవుతుంది? రెండో బిడ్డప్పుడూ ఇలాగే అనుకుంది. పంకజం నేలను చూస్తూనే లేచి, పిల్ల మణికట్టు పట్టుకుంది. గేటు చేరేదాకా మళ్ళీ వదల్లేదు.

గేటు దగ్గర అమ్మణి పెట్టెలతో కాచుకుని ఉంది. పిల్ల పరుగెత్తి ఆమె కొంగు పట్టుకుంది.

"అమ్మా, పిన్నికి నేనంటే పడదు. పొద్దున్నించి ఒక్క తూరైనా నా మొగం చూళ్ళా."

అమ్మణి చెల్లెలి దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది. "ఈ ఒక్క తూరి చూసుకోవే. నేనే చెప్తా ఉండా. ఏం కాదు."

"నీళ్ళ మీద పొయ్యే బిడ్డక్కా," అంది పంకజం. "వద్దు."

గంట కొట్టారు. గజ్జెలు దూరమయ్యాయి.

"పిన్నీ! పోయొస్తా!"

పంకజం కళ్ళు గట్టిగా మూసుకుంది. గొంతు వచ్చిన వైపు చెయ్యి ఊపింది. ఊపుతూనే ఉంది.

"ఎవరికమ్మా ఊపతా ఉండావు? అందరూ లోపలికి పొయినారే." గేటు దగ్గరి మూటలు మోసే కూలీ.

ఆమె కళ్ళు తెరిచింది. గేటు మూసి ఉంది.

"అన్నా, ఇప్పుడు పచ్చ పావడ పాప పోయింది కదా. నువ్వు చూసినావా?"

"చూసినా."

"దాని మొగం ఎట్టుంటాదన్నా?"