బారాబారా బండి

“దీన్ని నమ్ముకొని సిరిసిల్లకు బయలెల్లితే నడిమిట్ల అడివిల దించుతది నర్సింగం,” అన్నాడు మెకానిక్ సాంబయ్య, వ్యాను ముందు సీటు ఎత్తి ఇంజనులోకి టార్చి వేసి చూస్తూ.

నర్సింగం బతుకుతెరువుకు గుజరాత్ వచ్చి ఏళ్ళయింది. లింబాయత్ సందుల్లో ఆ పద్నాలుగేళ్ళ తెల్ల వ్యానును ఎరగనివాళ్ళు లేరు. నంబరు పన్నెండు పన్నెండు కాబట్టి అందరూ దాన్ని బారాబారా అనే పిలుస్తారు. మగ్గాల దగ్గర్నుంచి గుడ్డ తానులు మోసి మోసి దాని నడుం ఎప్పుడో వంగింది. అయినా ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఇప్పుడు లాక్‌డౌన్. నర్సింగం భార్య కోమలికి తొమ్మిదో నెల పడింది. సందులోని ప్రసూతి దవాఖానా మూసేశారు, పెద్దాసుపత్రి నిండా కరోనా. తొలి కాన్పుకు ఆమెను సిరిసిల్లలో తల్లి దగ్గరికి చేర్చాలి. రైలు కోసం వేలమందితో ఎండలో వరుసలో నిలబెట్టే స్థితి కాదు. ఇక మిగిలింది ఈ వ్యానూ, వెయ్యి కిలోమీటర్ల దారీ.

ఆ దారి కూడా ఊరికే తెరుచుకోదు, పాస్ కావాలి. మొదటి దరఖాస్తు కోమలి పేరు ఆధార్లో ఉన్నట్టు లేదని వెనక్కి వచ్చింది. ఇంటిపేరు ముందూ వెనకా అయిందట! రెండోసారి పక్కింటి సోమలింగాన్ని కూర్చోబెట్టుకుని పేర్లూ ఊళ్ళూ నంబర్లూ అన్నీ సరిచూసి పంపారు. పదకొండు రోజులైంది. ఫోన్ మోగితే చాలు, ఇద్దరికీ ప్రాణం లేచొస్తుంది. తీరా చూస్తే ఏ రీచార్జి మెసేజో.

“జర బాగు చెయ్యరాదే అన్నా?” అని బతిమాలాడు నర్సింగం.

సాంబయ్య చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఇంజను దించాలనీ, సామాను అహ్మదాబాదు నుంచి రావాలనీ, దుకాణాలు తెరిస్తేగానీ ఏదీ దొరకదనీ చెప్పాడు. అతుకులు వేసి ఇస్తాగానీ, ఘాట్ ఎక్కేటప్పుడు ఏమవుతుందో తనకు పూచీ లేదన్నాడు. తర్వాత షెడ్డు మూలకు చూపించాడు. అక్కడ అదే కంపెనీ, అదే తెలుపు, వయసులో ఆరేళ్ళు చిన్న బండి ఉంది. బారాబారాను విడిభాగాలకింద తీసుకుని దాన్ని ఇస్తాడట. పైన తేడాకు కాస్త బంగారమేదైనా చూడమన్నాడు.

కోమలి ససేమిరా అంది. “అది మన బండి. ఆగినా మల్ల నడుస్తది. ఆ కొత్తదాని గుణం మనకేం ఎరుక?”

రెండు రోజులు ఇంట్లో ఇదే రభస. బాగుచేయిస్తే దారిలో ఆగిపోతుందని భయం, మారిస్తే కోమలి ఒంటిమీదున్న ఆ ఒక్క జత కమ్మలూ పోతాయని దిగులు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటూ తేల్చుకోలేక నర్సింగానికి తన మీద తనకే అసహ్యం వేసింది. మూడో రోజు పొద్దున కోమలికి నడుం పట్టేసి, గోడ పట్టుకుని అలాగే కూలబడిపోయింది. కాసేపటికి తేరుకుని, తన కమ్మలు తనే తీసి మొగుడి చేతిలో పెట్టింది. తూట్లు పూడిపోకుండా చీపురుపుల్లలు విరిచి చెవులకు పెట్టుకుంది.

సాంబయ్య మోసగాడు కాదు, ఉన్నమాట చెప్పుకోవాలి. ఒక్కరోజులో కొత్త బండిని అద్దంలా చేశాడు. శివరాత్రికి బారాబారాకు వేయించిన కొత్త టైర్లు నాలుగూ విప్పి దీనికే బిగించాడు.

“నీ టైర్లు నీకే. తొవ్వల పంక్చర్ల లొల్లి ఉండది,” అన్నాడు.

బారాబారా ఇటుకల మీద కూర్చుని ఉంది. ఇంజను నేలమీద, తలుపులు గోడకు ఆనించి. నర్సింగం చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే పాస్ వచ్చింది. గడువు రేపటి నుంచి రెండు రోజులు. అంతా గుజరాతీలో ఉంది, నర్సింగానికి ఆ లిపి రాదు. ఫోన్ పట్టుకుని సోమలింగం ఇంటికి పరుగెత్తాడు. వెనకే కోమలి ఆయాసపడుతూ వచ్చింది.

“సోమన్నా, ముందుగాల నా పేరు చూడే,” అంది.

సోమలింగం ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని పేరు చదివాడు, ఇంటిపేరు చదివాడు. ఆధార్ పక్కన పెట్టి ఒకటికి రెండుసార్లు చూశాడు. ఈసారి ముందూ వెనకా కాలేదు, అంతా సరిగ్గా ఉంది. ఇక ఏ ఫికరూ లేదు, వెళ్ళి రమ్మన్నాడు. కోమలి అక్కడే కూర్చుని ఏడ్చేసింది.

తెల్లవారి ఆరింటికి బయలుదేరారు. బండి మొదటి తిప్పుకే అందుకుంది. వెనక పరుపు మీద ఒత్తిగిలి పడుకున్న కోమలి, మన బండి కాకున్నా ఇది మంచిగా పోతోందని ఒప్పుకుంది. రెండు నెలల తర్వాత నర్సింగానికి మొదటిసారి నవ్వొచ్చింది.

కడోదరా చౌరస్తాలో పోలీసు ఆపాడు. నర్సింగం మాస్కు సర్దుకుని, దిగి, ధీమాగా ఫోను చేతికిచ్చాడు. పోలీసు పేర్లు చూశాడు, ఆధార్లు చూశాడు. కోమలి కడుపు చూసి, పాపం అన్నట్టు తల ఊపాడు. తర్వాత బండి ముందుకు వెళ్ళి వంగాడు. నంబరు ప్లేటు చూశాడు, ఫోను చూశాడు, మళ్ళీ ప్లేటు చూశాడు.

“పాస్ తో బారా బారా కా హై. వో గాడీ కహా హై?” అని, పాస్‌లో రాసిన ఆ నంబరు బండి ఎక్కడని అడిగాడు, కోపమేమీ లేకుండానే.

వెనక కోమలి మెల్లగా లేచి కూర్చుంది. నర్సింగానికి ఇన్నేళ్ళుగా రోజూ మాట్లాడే హిందీ ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు. వంగి ముందు చక్రం మీద చెయ్యి వేసి, ఆ పోలీసుకు రాని తెలుగులోనే అన్నాడు.

“టైర్లు మాత్రం దానియే సాబ్.”