కెమెరా మీది బొట్టుబిళ్ళ

సకల జనుల సమ్మె రోజులు. కోరుట్లల కరెంటు ఎప్పుడు పోతదో, ఎప్పుడు అస్తదో ఎవ్వలకు ఎరుకలేదు.

సరిత ఇంట్లున్న కంప్యూటర్, దుబాయిల పనిచేసే ఆమె మొగడు వేణు కొనిచ్చిందే. కంప్యూటర్ మీది కెమెరాల నుంచి దొంగలు నెట్టుల ఇల్లంత చూస్తున్నరని పుకారు లేస్తే ఆయనే ఉపాయం చెప్పిండు.

"పైస ఖర్చు లేదు. మాట్లాడుడు అయినంక నెట్టు వైరు పీకెయ్. కెమెరా కన్ను మీద ఏదన్న అతికియ్."

అప్పటిసంది సరిత పండుకునే ముందు బొట్టుబిళ్ళను అద్దానికి పెట్టుడు మానేసింది. తీసి కెమెరాకే పెడుతున్నది.

నాలుగు రోజులాయె, వేణు ఆన్‌లైన్‌ల కనవడక. దుబాయిల ఆయనుండే క్యాంపుకు ఫోన్ చేస్తే మోగుతున్నది గని ఎవ్వలు ఎత్తుతలేరు.

ఆ రాత్రి కరెంటు అచ్చింది. ఫ్యాన్ తిరిగింది. కంప్యూటర్ గుర్రుమన్నది. స్విచ్ బంద్ చేసుడు మర్చిపోయిననుకుంట సరిత లేచింది. తెర నల్లగున్నది. నెట్టు వైరు కింద పడున్నది. కెమెరా మీద ఎర్ర బిళ్ళ పెట్టింది పెట్టినట్టే ఉన్నది.

స్పీకర్లల్ల ఎవరో ఊపిరి తీసుకున్నరు.

"సరితా," అన్నది వేణు గొంతు, మెల్లగ. "బొట్టెందుకు తీసినవ్?"

ఆమె చెయ్యి ఉత్త నుదుటి మీదికి పోయింది.

"పెట్టుకో. నేనింక ఉన్న గదా."

బిళ్ళ అంచు కింద గోరు పెట్టింది. గప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. ఇల్లంత చీకటి, చప్పుడు లేదు.

ముందటి అర్రల ఫోన్ మోగుడు మొదలువెట్టింది.

"గది ఎత్తకు," అన్నది గొంతు, కరెంటు లేని స్పీకర్లల్ల నుంచి.