అర మీటరు దూరంలో

ఆఫీసంతా ఖాళీ అయింది. లెన్సుల డిజైనరు ఒక్కతే కూర్చుని, ఇంకా తయారే కాని లెన్సులోంచి గీతల చార్టు ఎలా కనబడుతుందో కంప్యూటర్లో చూసుకుంటోంది. చార్టును మూడు మీటర్ల దూరంలో పెట్టి, ఫోకస్ మాత్రం పొరపాటున అర మీటరు దగ్గరే వదిలేసింది. గీతలన్నీ అలుక్కుపోయాయి. వాటి ముందు నల్లగా ఏదో స్పష్టంగా ఉంది.

ఆ చార్టు తయారుచేసిన సీనియరుకి ఫోన్ చేసింది.

"అన్నా, చార్టు ముందు ఏమైనా పెట్టావా?"

"గీతలు తప్ప ఏం లేవమ్మా. నిద్రమత్తులో ఉన్నట్టున్నావ్, ఇంటికెళ్లు."

బొమ్మను పెద్దది చేసింది. వెనక నుంచి తీసినట్టు ఒక ఆడమనిషి తల. జుట్టు ముడిలో గుచ్చిన పసుపు పెన్సిలు.

ఆమె మెల్లగా తన ముడి తడుముకుంది. పెన్సిలు అక్కడే ఉంది.

వెనక్కి తిరిగే ధైర్యం చాలలేదు. ఆమె ఏమీ నొక్కకుండానే, తెర మీద ఫోకస్ దూరం అర మీటరు కాస్తా పావు మీటరైంది.