తుపాకి గుర్తుపట్టాల్సిన ముఖం

ఇంటికో చిన్న తుపాకి తప్పదని చట్టం వచ్చాక, గవరయ్య దానికి లైటూ, గురి అద్దమూ కొనడానికి సన్యాసమ్మ కొట్టుకు వెళ్ళాడు.

"ఈ లైటు కొడితే దొంగోడికి కళ్ళు పోతాయి మావా."

"వద్దు. మెత్తటి వెలుగుది ఇయ్యి."

అద్దంలో ఎక్కించిన ముఖాల మీద తుపాకి పేలదు. ఎవరిని ఎక్కించమంటావని ఆమె అడిగింది.

"మా తమ్ముణ్ణి."

తన భార్య చావుకు రాలేదని ఆ తమ్ముడితో గవరయ్య ఆరేళ్ళుగా మాట్లాడడం లేదు.

"మీకు మాటల్లేవు గదా?"

"లేవు. ఎదవకి రేచీకటి. పొద్దుగూకితే తనిల్లనుకుని నా గుమ్మం ఎక్కేస్తాడు. ఎదురుగా లైటు కొడితే ఉన్న చూపూ పోద్ది."

"ఫొటో ఉందా?"

"చింపేశాను. ఇద్దరిదీ ఒకే అచ్చు. నా ముఖం తీసుకుని మీసం గొరిగెయ్."