ఆపమనే ఉద్యోగం

ఓడలు వాటంతటవే నడిచే ఆ రోజుల్లో ఓడ ఆఫీసరుకు ఒక్క పనే మిగిలింది: సముద్రంలో పడ్డవాళ్ల కోసం వెతుకులాట ఆపమనడం. ఆ మాట యంత్రం అనకూడదు, మనిషే అనాలని చట్టం.

అది అనలేకే నూకరత్నం మూడుసార్లు పరీక్ష తప్పింది. వేటకెళ్లి తిరిగిరాని ఆమె తండ్రి కోసం వెతకడాన్ని కూడా ఎవరో ఆఫీసరు అలాగే ఆపించాడు.

నాలుగోసారి, పరీక్ష తెర మీది ఖాళీ సముద్రాన్ని చూస్తూ "ఆపండి" అంది.

"పాసయ్యావమ్మా," అన్నాడు పరీక్షాధికారి.

విశాఖ జాలరిపేటలో, తల్లి ఇంకా గాజులు తియ్యని చేత్తో సర్టిఫికెట్టు తడిమింది.

"ఇంతకీ ఏటి పనే నీది?"

"సముద్దరంలో పడినోల్ని ఎతకడం, అమ్మా."

తల్లి మొహం వెలిగింది.

"అయితే మీ అయ్యనీ ఎతుకు. ఆల్లలాగ మజ్జిలో ఆపకే."