గద్ద బొమ్మ

దాహమని వచ్చినవాడికి నీళ్ళు లేవనకూడదు. టేమర్ లేవంది.

కుండ నిండా నీళ్ళున్నాయి. అతనూ చూశాడు. కానీ అతని ఒంటిమీద ఎర్ర చొక్కా ఉంది.

ఆ ఏడు సౌత్ కరోలినాలో ఎర్ర చొక్కా అంటే పాత దొరల క్లబ్బు. వచ్చే మంగళవారమే ప్రెసిడెంటు ఎన్నిక. క్లబ్బువాళ్ళు ఎర్ర చొక్కాలు తొడుక్కుని, తుపాకులు పట్టుకుని గుర్రాల మీద తిరుగుతున్నారు. నల్లవాడి ఓటు పడనివ్వకూడదని వాళ్ళ పంతం. బానిసత్వం పోయి పదేళ్ళు దాటినా, టేమర్ ఉండే ఆ నల్లవాళ్ళ ఊరికి మాదని చెప్పుకోడానికి ఉన్నది ఆ ఓటొక్కటే.

వచ్చినవాడు తెల్లవాడైతే భయపడేవాళ్ళు. నల్లవాడు. అందుకే ఒళ్ళు మండింది.

“ఎంతకి అమ్ముడుపోయావయ్యా?” అంది టేమర్. “మా అయ్యని అమ్మినప్పుడు సంకెళ్ళేసి ఈడ్చుకెళ్ళారు. నువ్వు నీ కాళ్ళమీద నువ్వే నడిచిపోయావు.”

“డీకన్ గారితో ఒక్క మాట చెప్పి పోతానమ్మా.”

డీకన్ ప్రిమస్ ఆ ఊళ్ళో ప్రార్థనకీ, పార్టీకీ కూడా పెద్దదిక్కు. వరి నూరుస్తున్నవాడు కళ్ళంలోంచి అలాగే వచ్చాడు. వెనకాలే ఊరంతా వచ్చింది.

“కాస్త పక్కకి రండి, డీకన్ గారూ.”

“మా దగ్గర గుసగుసల్లేవు. అందరి ముందూ చెప్పు.”

అతను మొహాలన్నీ కలయజూశాడు. “ఇక్కడి మాట క్లబ్బుకి చేరుతోందండీ. అందరి ముందూ చెప్పలేను.”

“చేరవేసేవాడివి నువ్వేగా!” అన్నారెవరో. అంతా నవ్వారు.

అతను నిట్టూర్చాడు. “సరే, ఇదొక్కటి వినండి. మంగళవారం గద్ద బొమ్మ చీటీ ఎవరిచ్చినా పుచ్చుకోకండి.”

ఊరు భగ్గుమంది.

ఓటు చీటీలు పార్టీలే అచ్చువేసి పంచే కాలం అది. ఆ ఊళ్ళో చదువొచ్చినవాళ్ళు లేరు. చీటీ నెత్తిన గద్ద ఉంటే బానిసత్వం తీసేసిన తమ పార్టీ, లేకపోతే దొరలది. వాళ్ళకి వచ్చిన చదువంతా ఆ గద్దే.

“పైన గద్దే ఉంటుందండీ,” అన్నాడతను. “కింద పేర్లు మాత్రం దొరల మనుషులవి. నా కళ్ళతో చూశాను.”

“ఎక్కడ చూశావు?”

అతను మళ్ళీ చుట్టూ ఉన్న మొహాలకేసి చూశాడు.

“దొర ఒళ్ళో కూచుని చూసుంటాడు పాపం!” అంది టేమర్.

“గద్దని వదిలేస్తే మేం ఓటెలా వేస్తాం నాయనా?” అన్నాడు ప్రిమస్. “వెయ్యొద్దనేగా నీ ఏడుపు?”

“అసలు చీటీలు సోమవారం నేనే తెచ్చిస్తాను.”

“నీ చేత్తోనా!”

ఇక ఆడవాళ్ళు ఆగలేదు. ఆ రోజుల్లో ఎర్ర చొక్కా తొడిగిన మొగుణ్ణే గుమ్మం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు, పరాయివాడో లెక్కా! నలుగురూ మీదపడ్డారు. చొక్కా చర్రున చిరిగింది. టేమర్ ఆ పీలికల్ని బట్టలుడకేసిన కాగు కింద మంటలో పడేసింది.

అతని వీపు నిండా కొరడా వాతలు. ఆ ఊరి మగాళ్ళందరి వీపులమీదా ఉన్నట్టే ఉన్నాయి.

“ఆ దెబ్బలు మరిచిపోయావేరా!” అన్నాడు ప్రిమస్.

అతను మంటకేసే చూస్తున్నాడు. “అది లేకుండా నన్ను వంతెన దాటనివ్వరమ్మా.”

“నీ వాళ్ళేగా కాపలా! ముద్దుపెట్టుకుని మరీ సాగనంపుతారు, పో!”

అతను రెండు చేతులతో ఒళ్ళు కప్పుకుని చలిలో వెళ్ళిపోయాడు. పేరేమిటని కూడా ఎవరూ అడగలేదు.

మర్నాడు వంతెన కింద ఎవరిదో శవం తేలిందన్నారు. వీపు నిండా వాతలున్నాయట. చేపలు పట్టేవాళ్ళే పూడ్చిపెట్టారు. ఆ ఊరినుంచి ఒక్కరూ వెళ్ళలేదు.

“వాడుకుని పారేశారు,” అంది టేమర్.

సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం ఓటింగు చోట నల్లకోటు పెద్దమనిషి ఒకాయన అందరినీ పేరుపేరునా పలకరిస్తూ చీటీలు పంచాడు. పైన రెక్కలు చాచిన గద్ద. మగవాళ్ళు పాటలు పాడుకుంటూ వెళ్ళి ఓట్లు వేశారు. ఆడవాళ్ళు దారి పొడవునా కర్రలు పట్టుకుని కాపలా కాశారు. రాత్రి చిలగడదుంపలు కాల్చుకుని పండగ చేసుకున్నారు.

తెల్లారి లెక్క తేలింది. ఆ ఊరి ఓట్లన్నీ దొరలకే పడ్డాయి.

“గద్దకే వేశాం! దేవుడి సాక్షిగా గద్దకే వేశాం!” అంటూ ప్రిమస్ నేలమీద కూలబడిపోయాడు.

వారం తిరక్కుండా పట్నంనుంచి పార్టీ మనిషి హోబార్ట్ వచ్చాడు. మిగిలిపోయిన గద్ద చీటీ ఒకటి తీసుకుని, కింది పేర్లు పైకి చదివాడు. అన్నీ దొరల పేర్లే.

“కాటోని పంపాంగా! వచ్చి చెప్పలేదా?” అన్నాడు.

“కాటో ఎవరండీ?”

“బక్కపల్చటి మనిషి. పాపం, చలికి తట్టుకోలేడు. అచ్చాఫీసులో దొరల మనుషులు ఈ చీటీలు కట్టలు కడుతుంటే పక్కనే ఉన్నాడట. మీ ఊరికే ముందు వెళ్తానన్నాడు.”

టేమర్ అతనికేసి ఓ అడుగు వేసింది.

“కానీ బాబూ... అతని ఒంటిమీద ఎర్ర చొక్కా ఉంది.”

“ఛీకొడతారు, నావల్ల కాదని ఎంతో ఏడ్చాడమ్మా,” అన్నాడు హోబార్ట్, “కాళ్ళావేళ్ళా పడి ఆ చొక్కా తొడిగించింది మేమే, దొరల క్లబ్బులో మనకున్న మనిషి అతనొక్కడే.”