ప్రెంక్ గడప

ప్రెంక్ కూతుర్ని గొర్రెల కాపలా కుక్క భుజం కరిచి ఈడుస్తోంది. నేను గోడ దూకాను. తుపాకీ తిరగేసి దాని మూతి పగలగొట్టినా వదల్లేదు. పిల్లకి తగలకుండా గొట్టం దాని చెవిలో దూర్చి పేల్చాను. నెత్తురు నా మొహాన చిమ్మింది. పిల్ల నా మెడ కరుచుకుంది.

ప్రెంక్ పరిగెత్తుకొచ్చాడు.

"మా గోడ వెనక నీకేం పని, పెద్దాయనా?"

"నీకోసమే కాచుకున్నా. మా తమ్ముణ్ణి చంపిన చెయ్యి నీదేగా."

"ఇంకో తూటా ఉందా?"

"నీకు ఒకటి చాలనుకున్నా. నా గురి అలాంటిది."

"అయితే లోపలికి రా. కాఫీ తాగి పో."

మా అల్బేనియా కొండల్లో ఒకడి ఇంట్లో కాఫీ తాగితే ఇక వాణ్ణి చంపకూడదు. గడప దాకా వెళ్ళి ఆగాను. పిల్ల నా మెడ వదల్లేదు.

తమ్ముడు పోయినప్పట్నుంచీ నేను చక్కెర ముట్టలేదు. కాఫీలో రెండు చెంచాలు వెయ్యమన్నాను.